కుడివైపు పావుకిలో

అద్దంకి,
నవంబరు 19

ప్రియమైన నతానియేలు గారికి,

క్షేమంగా చేరాను. చిలకలూరిపేట దాటేదాకా మత్తు వదల్లేదు. తర్వాత పెదవి నాదేనని తెలిసింది. నొప్పీ తెలిసింది.

రాత్రి ఫోన్లో మీరు అడిగితే బాగానే ఉందన్నాను. ఫోన్లో నాకు అంతకంటే మాటలు రావు. ‘మాట్లాడలేకపోతే రాయి, నేను చదువుకుంటాను’ అని పెళ్లయిన కొత్తలో మీరే అన్నారు. కాబట్టి ఇదీ చదువుకోండి.

అత్తయ్య నా నోరు తెరిపించి, సెల్‌ఫోన్ లైటు వేసి చూశారు.

“ఏందమ్మాయ్ ఇది? క్యాలెండరుకి గోడకో మేకు కొట్టరా అంటే ఏడాదినుంచి కొట్టనోడు, నీ చిగుళ్లో రెండు కొట్టి పంపాడా!”

“మేకులు కావత్తయ్యా, చిన్న స్క్రూలు.”

“ఏదైతేనేంలే, ఊడకుండా ఉంటే చాలు. మావాడు కొట్టినవి ఊడితే ఊళ్లో పరువు పోద్ది.”

రెండు రోజులుగా గంజి తాగుతున్నాను. బడిలో పిల్లలు “టీచర్, మీకు తంతి కట్టారా?” అని అడుగుతున్నారు. సగం మంది వెనక్కి తిరిగి నవ్వుకుంటున్నారు. నా ఎత్తుపళ్లను చూసి నవ్వడం కంటే ఇది నయం. కాన్వెంటులో ప్రతి ఏడాదీ గ్రూప్ ఫొటో దిగేటప్పుడు సిస్టర్ వరుసల మీదుగా నన్ను వెతికి పట్టుకుని, “ఫెబా, పెదవులు మూయి” అనేది. అప్పటినుంచీ మూసే ఉంచాను. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

పెళ్లయ్యాక మీరు ఎప్పుడూ పళ్లు సరిచేసుకోమనలేదు. మీ థీసిస్‌కి ఒక పేషెంటు తక్కువైనప్పుడు అడిగారు. నేను వెంటనే సరే అన్నాను. ఎందుకు సరే అన్నానో మీరు అడగలేదు.

ఇంకో సంగతి. స్క్రూలు బిగించాక మీరు బయటికి వెళ్లిపోయారు. అప్పుడు ఆమె వచ్చింది. పేరు కోటు మీద చదివాను. శ్రీరమ్య. రెండేళ్లుగా మీ బ్యాచేనట. నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి.

ఆమె చేతిలో పెన్ను లాంటి పరికరం ఉంది. దాంతో స్క్రూను టకటకా తట్టింది. ఒక అంకె వచ్చింది కాబోలు. అది నాకు కనబడకుండా అరచేత్తో కప్పి రాసుకుంది. నా నోట్లోది నాకే చూపించలేదు. ఎంత వచ్చిందని అడగబోయాను, నోట్లో అద్దం ఉంది.

ఆమె పళ్లు చాలా వరుసగా ఉన్నాయి.

తర్వాత మీరు వచ్చి స్ప్రింగులు తగిలించారు. ఏ వైపు ఎక్కువ లాగుతోందో నాకు చెప్పకూడదా? కుడివైపు అనిపిస్తోంది. నాలుక మాటిమాటికీ అటే పోతోంది.

ఉత్తరం అందగానే జవాబు రాయండి, ఫోన్ వద్దు.

మీ
ఫెబా

*

గుంటూరు, బ్రాడీపేట,
నవంబరు 28

ప్రియమైన ఫెబాకి,

ఆ ‘గారు’ ఎందుకమ్మా? కవరు మీద చూసి మా రూమ్మేటు, “ఏరా, మీ హెడ్మాస్టరు రాశాడా?” అన్నాడు.

నీ ప్రశ్నకి జవాబు చెప్పలేను. ఎందుకు చెప్పలేనో చెప్తాను.

ముందుకు వచ్చిన పళ్లను వెనక్కి లాగాలంటే ఎక్కడో ఒక పట్టు కావాలి. గేదెను కట్టడానికి గుంజ పాతుతాం చూడు, అలాగ ఎముకలో ఆ స్క్రూ, మా భాషలో మినీ ఇంప్లాంటు, పాతాం. స్ప్రింగు ఒక కొస గుంజకి, ఇంకో కొస పంటికి. పన్ను కదలాలి, గుంజ కదలకూడదు. అయితే ఎంత బలంతో లాగితే గుంజ నిలుస్తుంది, ఎంతకి వదులవుతుంది? ఇదే నా థీసిస్. ఒకవైపే నింపాదిగా లాగే గేదెతో పెద్ద భయం లేదు. గుంజ లాగినవైపు కాస్త ఒరుగుతుంది, అయినా ఊడదు. చుట్టూ తిరుగుతూ కుదుపుతూ లాగే గేదెతోనే చిక్కు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. మన వాళ్ల దవడల్లో ఎంత బలం దాకా ఆగుతుందో కొలిచి చూడాలి.

అందుకని ప్రతి పేషెంటుకీ రెండు స్క్రూలు. ఒకవైపు తక్కువ బలం, ఇంకోవైపు ఎక్కువ. ఏ వైపు ఏదో చీటీ తీసి, కవర్లో పెట్టి సీలు వేస్తాం. స్ప్రింగు పెట్టేది నేను కాబట్టి నాకు తెలుస్తుంది. స్క్రూ ఎంత గట్టిగా నిలిచిందో కొలిచే శ్రీరమ్యకి తెలియకూడదు. తెలిస్తే, ఎక్కువ లాగే వైపు వదులుగా ఉంటుందని మనసులో పెట్టుకుని కొలుస్తుంది. ఆమె కొలిచిన అంకెలు నాకు తెలియకూడదు. పేషెంటుకి రెండూ తెలియకూడదు. అందుకే నెలనెలా నేను స్ప్రింగులు తీసి బయటికి వెళ్తాను, ఆమె వచ్చి కొలిచి వెళ్తుంది, తర్వాత నేను వచ్చి మళ్లీ తగిలిస్తాను. నీ విషయం మేమిద్దరం మాట్లాడుకోం.

మా గైడు శివరామకృష్ణ గారు మొదట ఒప్పుకోలేదు. “సొంత భార్యను స్టడీలో పెట్టడమేమిటయ్యా?” అన్నారు. ఇరవైమందీ లేకపోతే థీసిస్ నిలవదు, నాకు పంతొమ్మిది మందే దొరికారు. చివరికి, “కొలిచేది శ్రీరమ్య కాబట్టి సరే” అన్నారు. శ్రీరమ్య చెయ్యి భలే నిలకడ. ఒకే స్క్రూని ఎన్నిసార్లు కొలిచినా అదే అంకె వస్తుందట. “ఆ అమ్మాయిని చూసి నేర్చుకోవయ్యా” అని సార్ నన్ను రోజూ సాధిస్తుంటారు. మొన్న క్లినిక్ ఆలస్యమై నాకు తిండి లేకపోతే తన డబ్బాలో పెసరట్టు సగం పెట్టింది. అలాంటి మనిషి, నువ్వు సిగ్గుపడక్కర్లేదు.

ఏప్రిల్‌తో కొలతలు అయిపోతాయి. తర్వాత థీసిస్, ఆ తర్వాత పరీక్ష. ఇరవై మందీ నిలిస్తే నా బ్యాచ్‌తోనే బయటపడతాను. ఒక్కరు తగ్గినా ఒక బ్యాచ్ వెనక. బయటపడితే అద్దంకిలో బోర్డు పెడతాను, నువ్వు ఉత్తరాలు రాయాల్సిన పనుండదు ఫెబా.

గుంజలు జాగ్రత్త.

నీ
నతాన్

*

అద్దంకి,
డిసెంబరు 21

ప్రియమైన నతాన్‌కి,

గారు తీసేశాను.

మీ ఉత్తరంలో నా పేరు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఉంది. మధ్యంతా ఆమె.

నిన్నటి సంగతి రాస్తాను. మీరు స్ప్రింగులు తీసి లేచారు. ఆమె లోపలికి వస్తోంది. గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. మీరు గోడవైపు చూశారు. ఆమె నేలవైపు చూసింది. నాకు నియమం తెలుసు, మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. మాట్లాడుకోకూడదు, సరే. చూసుకోకూడదని ఎక్కడుంది?

మా కాన్వెంటులో ఏ ఇద్దరు అమ్మాయిలు ఒకరినొకరు చూసుకోకుండా నడిచేవాళ్లో, సిస్టర్ వాళ్లనే పక్కకి పిలిచి అడిగేది. మిగతావాళ్లను అడిగేది కాదు.

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుంది. “నొప్పిగా ఉందాండీ?” అంది. ఊఁ అన్నాను. కళ్ల మీద పడ్డ జుట్టు తీసి చెవి వెనక పెట్టింది. చెయ్యి చల్లగా ఉంది, మీరన్నట్టు నిలకడగానే ఉంది. నాకు కోపం రావడానికి ఆమె ఏమీ చేయలేదు. నా కోపమంతా అందుకే.

ఈసారి కూడా అంకె కప్పేసింది.

పడుకుని ఆలోచించాను. నా నోట్లో ఏముందో సగం మీకు తెలుసు, సగం ఆమెకు తెలుసు. రెండూ కలిస్తే మొత్తం. నా నోరు నాది, అందులో నాకు వాటా లేదు.

అత్తయ్యకి నా ముఖం చూస్తే తెలిసిపోయింది. క్రిస్మస్ పాటలకు చర్చికి వెళ్తూ దారిలో అడిగారు.

“ఎవురా పిల్ల?”

“ఏ పిల్ల అత్తయ్యా?”

“నా దగ్గరా? మీ మామ పత్తి తీతకి పోతే, ఆయన పక్క సాలులో ఎవురున్నారో చూసిగానీ నా సాలు పట్టేదాన్ని కాదు. ఒక ఏడు అయితే, ముఠా మేస్త్రితో పోట్లాడి మరీ ఆయన పక్క సాలు నేనే తీసుకున్నా. పొద్దుగూకులూ ఆయన మీద కన్నేసి తీస్తే ఏమైందనుకున్నావు? పత్తిలో సగం ఆకే! అందరి ముందూ తిట్లు తిన్నా.” ఇంతవరకు చెప్పి నవ్వు మొదలుపెట్టారు. “నీకు పాపం ఆ సాలు పట్టే దారి కూడా లేదే. నోరు తెరుచుకుని పడుకోవాల!”

చర్చిలో పాట మధ్యలో కూడా నవ్వుతూనే ఉన్నారు. పాస్టరమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆ పెసరట్టు ఆమే వేసుకొచ్చిందా, వాళ్లమ్మ వేసిందా?

ఈసారి కూడా జవాబు పెద్దగానే రాయండి.

మీ
ఫెబా

*

గుంటూరు,
జనవరి 6

ప్రియమైన ఫెబా,

జవాబు ఆలస్యమైంది, చిన్నగానే రాస్తున్నాను. క్లినిక్‌లో ఊపిరాడటం లేదు.

నీ ఉత్తరం చదివి నవ్వాగలేదు. నవలలు చదివి చదివి నువ్వు గోడల్లో కూడా కథలు చూస్తున్నావు. గుమ్మంలో నేను గోడవైపు ఎందుకు చూశానంటే, ఆమె నా ముఖం చూస్తే ఏదో ఒకటి పసిగడుతుందని. ఎక్కువ బలం పెట్టిన వైపు నొప్పి అని నువ్వు మూలిగితే నా ముఖంలో తెలిసిపోతుంది. నాకు దాచడం రాదు. శ్రీరమ్యకి ఈ ఇబ్బంది చెప్పకుండానే అర్థమై, తనే నేలవైపు చూస్తుంది. ఈపాటి నువ్వూ అర్థం చేసుకోవాలి.

కుడివైపు అనిపిస్తోందని ఇంకెప్పుడూ రాయకు. నాకు చెప్పకు. ఆమెకైతే అసలే చెప్పకు. నువ్వు ఎన్నిసార్లు అడిగినా నేను చెప్పను. భార్యవే, కాదనను. కానీ ఆ కుర్చీలో ఉన్నంతసేపూ నువ్వు ఇరవయ్యో నంబరు పేషెంటువి.

పెసరట్టు ఎవరు వేశారో అడగలేదు. అడగమంటావా?

తొందరలో,
నీ నతాన్

*

అద్దంకి,
జనవరి 26

ప్రియమైన నతాన్‌కి,

మూడో కొలత అయింది. మీరు స్ప్రింగులు తగిలించేటప్పుడు ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈసారి ఆమెతో మాట్లాడాను. ఆమె కొలవడం అయిపోయి, నోట్లోంచి అద్దం తీశాక. బాగానే మాట్లాడాను. మీరు చూస్తే ఆశ్చర్యపోయేవారు. ఆమె ముఖం మారింది. “అలాగాండీ” అని లేచి వెళ్లిపోయింది.

బస్సు అద్దంకి చేరేదాకా సంతోషంగా ఉంది. ఊరి చుట్టూ కళ్లాల్లో మిరపకాయలు ఎండబోశారు. బస్సంతా తుమ్ములు. నాకు ఒక్క తుమ్ము రాలేదు.

ఇంటికి వచ్చాక అంత సంతోషంగా లేదు. ఎందుకో తెలియదు.

ఇట్లు
ఇరవయ్యో నంబరు పేషెంటు

*

గుంటూరు,
ఫిబ్రవరి 3

ప్రియమైన ఫెబాకి,

నిన్న సార్ గదికి పిలిచారు. తలుపు వేయమన్నారు.

“ఏమయ్యా, ఏ వైపు ఎంత బలమో మీ ఆవిడకి చెప్పావా?”

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయనే చెప్పారు. నువ్వు శ్రీరమ్యతో, “మా ఆయన నా దగ్గర ఏదీ దాచరండీ. కుడివైపు పావుకిలో, రెండొందల యాభై గ్రాములు లాగుతోందని నాకెప్పుడో చెప్పారు. మీకే తెలియదనుకుంటా” అన్నావట.

నువ్వు కొత్తమనిషితో వరుసగా అన్ని మాటలు మాట్లాడావని విని మొదట సంతోషమేసింది. నిజం. తర్వాత భయమేసింది.

శ్రీరమ్య మీద కోపం పెట్టుకోకు. కొలిచే మనిషి చెవిన అలాంటి మాట పడితే గైడుకి చెప్పి తీరాలి. చెప్పింది. సార్ వారం రోజులు తనలోనే ఉంచుకుని నిన్న అడిగారు.

‘చెప్పలేదు సార్’ అనొచ్చు. అంటే రెండో ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ‘అయితే మీ ఆవిడ అబద్ధం ఆడిందా?’ నిన్ను పిలిపిస్తారు. శ్రీరమ్యను కూడా కూర్చోబెడతారు. ఆమె ఎదురుగా నువ్వు, ‘మా ఆయన చెప్పలేదు, నేనే కల్పించాను’ అనాలి. మన పెళ్లిలో స్టేజి మీద ‘ఇష్టమే’ అని ఒక్క మాట అనడానికి పాస్టరుగారు నిన్ను రెండుసార్లు అడగాల్సి వచ్చింది. మూడోసారి అడుగుతారేమోనని నేను చెమటలు కక్కాను. నిన్ను ఆ గదిలో ఊహించుకోలేకపోయాను.

“అవును సార్, నేనే చెప్పాను” అన్నాను.

దానికి సార్, “అయితే ఆమె కొలతలన్నీ కొట్టెయ్. ఇంకో పేషెంటుని వెతుక్కో” అన్నారు. వెతుక్కుని, స్క్రూలు పెట్టి, మొదటినుంచీ నెలనెలా కొలవాలి. నా బ్యాచ్ వెళ్లిపోతుంది. నేను వెనక ఉంటాను.

అమ్మకి ఇప్పుడే చెప్పకు. మిరప కోతల్లో పక్కవాళ్లందరికీ, ‘మావోడు బోర్డు పెడతన్నాడు, నీ పుచ్చిపన్ను అప్పుడు చూపిచ్చుకో’ అని చెప్పుకుంటోంది. నలుగురైదుగురు పళ్లు పట్టుకుని నాకోసం కాచుకున్నారట.

నువ్వు చెప్పింది ఒప్పో తప్పో ఇప్పుడు కూడా నీకు చెప్పడానికి లేదు. స్ప్రింగులు నీ నోట్లోనే ఉన్నాయి, సార్ ఇంకా కాగితం మీద కొట్టెయ్యలేదు. నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. అడగాల్సింది ఒకటే. ఎందుకన్నావు?

సోమవారం పళ్ల పరీక్షల క్యాంపుకి ఒంగోలు వెళ్తున్నాను. తిరిగి వచ్చేసరికి నీ జవాబు ఉండాలి.

నీ
నతాన్

*

అద్దంకి,
ఫిబ్రవరి 13

ప్రియమైన నతాన్‌కి,

మీరు ఒంగోలులో ఉండగా నేను గుంటూరు వెళ్లాను. బడికి సెలవు పెట్టాను. అత్తయ్యకి పన్ను నొప్పి అని చెప్పాను. మీరు అక్కడ ఉంటే వెళ్లేదాన్ని కాదు. మీరు నా బదులు మాట్లాడేసేవారు.

సార్ గదిలో లేరు. ల్యాబులో ఉన్నారు. శ్రీరమ్య పక్క బల్ల దగ్గర దవడల అచ్చులు అరగదీస్తోంది. చేతులనిండా తెల్లటి పిండి. నన్ను చూసి మిషను ఆపింది. సార్ ఒక్కరే ఉంటారని ఊహించుకుని మాటలు కూర్చుకున్నాను, అవన్నీ పోయాయి.

“ఏమ్మా, స్క్రూ ఊడిందా?” అన్నారు సార్. “కూర్చో.”

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

“ఆయన నాకేమీ చెప్పలేదండి.”

“ఏమిటి చెప్పలేదు?”

“ఏమీ. ఎప్పుడూ చెప్పలేదు. అడిగినా చెప్పలేదు. కుడివైపు పావుకిలో అన్నది నేనే కల్పించాను.”

నతాన్, నేను ఆమె ముందు అనకూడదనుకున్న మాట లోకంలో ఇదొక్కటే. మా ఆయన నాకేమీ చెప్పరు. అన్నాను. నేల పగల్లేదు.

“అతను చెప్పానంటాడు, నువ్వు చెప్పలేదంటావు” అన్నారు సార్. “మీ ఇద్దర్లో అబద్ధం ఎవరిదమ్మా?”

అప్పుడు శ్రీరమ్య అంది. “సార్, నేను ఆ రోజే చెప్పాను కదా. రెండొందల యాభై అనే అంకె మన స్టడీలోనే లేదు. వాడేవి ఏ రెండో నాకు తెలుసు, ఏ వైపు ఏదో తెలియదు. నతాన్ నిజంగా చెప్పి ఉంటే ఈమెకు ఆ అంకె రాదు.”

చూశారా. ఆమెకు మొదటినుంచీ తెలుసు. కాఫీపొడి కొనేటప్పుడు నోటికి అలవాటైన పావుకిలో అది. నేను గొప్పగా చెప్తుంటే, అది అబద్ధమని తెలిసే “అలాగాండీ” అని లేచి వెళ్లింది. సార్‌కీ తెలుసు.

“తెలిసే అడిగాను” అన్నారు ఆయన. “కాదంటాడనుకున్నాను. నా కళ్లలోకి చూస్తూ, ‘నేనే చెప్పాను సార్’ అన్నాడు. పెళ్లాం కోసం నాతో అబద్ధం ఆడినవాడు, రేపు డిగ్రీ కోసం అంకెలు మార్చడని నేనెట్లా నమ్మేది? కొలతలు కొట్టెయ్యమన్నది నువ్వు నోరు జారినందుకు కాదు. అతను ఆ మాట అన్నందుకు.”

ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. దానంతట అదే వచ్చింది.

“ఆయన అబద్ధం ఆడింది నా పరువు కోసమండి. ఆ పరువు ఇప్పుడే మీ ముందు వదిలేశాను. ఇంక ఆయనకు ఆడాల్సిన పని లేదు.”

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుస్తూ, “అసలు ఎందుకన్నావమ్మా ఆ మాట?” అన్నారు. మీరు అడిగిందీ అదే. ఇద్దరికీ ఒకే జవాబు.

“ఈమెను చూసి ఓర్వలేక.”

శ్రీరమ్య పిండి చేతులతోనే స్టూలు మీద కూలబడింది.

“నన్ను చూసా? ఏముందనండీ నాలో? ఇరవయ్యెనిమిదేళ్లు వచ్చాయి, నన్ను చూసి ఇంతవరకు ఒక్క మనిషి కుళ్లుకోలేదు. మీరే మొదలు. మా అమ్మకి ఫోన్ చేసి చెప్పనా?”

చెప్పి నవ్వింది. ఎగతాళి కాదు. నాకూ నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయాను. తంతులు కనబడేట్టు నవ్వాను. సార్ మాత్రం నవ్వలేదు.

ఆయన తేల్చింది ఇది. నేను ఆ మాట అన్నది మూడో కొలత అయ్యాక కాబట్టి అంతవరకు కొలిచినవి చెల్లుతాయి. ఇకమీద నన్ను శ్రీరమ్య కొలవకూడదు. జరిగింది థీసిస్‌లో దాచకుండా రాయాలి. అన్నిటికంటే ముందు, మీరు ఆయన గదికి వెళ్లి, ‘మీతో అబద్ధం ఆడాను సార్’ అని మీ నోటితో మీరే చెప్పాలి. నేను చెప్పింది చాలదట. మీరు చెప్తే ఇరవైమందీ ఉంటారు. చెప్పకపోతే పంతొమ్మిదే.

కోపం ఉందని రాశారు. నాకూ ఉంది. మీరు నాకోసమే ఆ మాట అన్నారు. నన్ను అడగకుండా అన్నారు. నేను ఆ గదిలో నిలబడలేనని మీరే తీర్మానించేశారు. ఏవైపు ఎంత లాగుతోందో నాకు చెప్పకపోయినా పర్వాలేదు, అది నియమం. నావల్ల ఏది కాదో నాకు చెప్పకుండా ఇంకెవరి ముందూ తేల్చకండి.

మొదటి ఉత్తరంలో ఒకటి రాశాను, మీరు పట్టించుకోలేదు. పళ్లకు ఎందుకు సరే అన్నానంటే, నెలకోసారైనా మీరు నా ముఖం అంత దగ్గరగా చూస్తారని. అంతే. అక్కడ ఇంకొకరు కూడా చూస్తారని నాకు తెలియదు.

నా అసూయ పోయిందని రాస్తే అది రెండో అబద్ధం అవుతుంది. శ్రీరమ్య మంచి మనిషి. అది ఇంకా కష్టంగా ఉంది. బస్టాండు దాకా స్కూటీ మీద దింపింది. పెసరట్టు తనే వేస్తుందట, మళ్లీ కొలతకి వచ్చినప్పుడు నాకూ తెస్తానంది. నా ముందు మీ గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తితే ఎలా ఉండేదో అని చిలకలూరిపేట దాకా ఆలోచించాను.

ఇకనుంచి నన్ను కొలిచేది కౌసర్ అనే జూనియరట. ఎలా ఉంటుందని శ్రీరమ్యను అడిగాను. హెల్మెట్ పెట్టుకుంటూ, “నాకంటే చాలా బావుంటుందండీ” అంది.

ఇది అందగానే సార్ దగ్గరికి వెళ్లండి. వెళ్లి వచ్చి ఆయన ఏమన్నారో రాయండి. ఆ కౌసర్ ఎలా ఉంటుందో కూడా రాయండి. అందంగా ఉంటే అందంగా ఉందనే రాయండి. నేను కుళ్లుకుంటాను. అది నేను చూసుకుంటాను.

మీ
ఫెబా